దొందూ దొందే అనుకునే ఓటరుకి మూడో దారి ఉందా?

రెండు పార్టీల రాజకీయం గురించి పోయిన సంచికలో ఒక ముక్క రాశాను. ఉన్నవి రెండే పార్టీలైతే ఓటరు ఎన్నుకునేది తక్కువ, తిరస్కరించేది ఎక్కువ అని. దానిమీద మెయిళ్లు చాలానే వచ్చాయి, కొన్నింట్లో తిట్లు కూడా ఉన్నాయి. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇవే తీసుకుంటున్నాను.

ప్రశ్న: పౌరసత్వం వచ్చాక అమెరికాలో రెండుసార్లు ఓటేశాను. రెండు పార్టీల మీదా నాకు నమ్మకం పోయింది. ఈసారి మూడో పార్టీకి వేస్తానంటే మావారు, పిల్లలు "ఓటు వేస్ట్ చేస్తున్నావ్" అని ఒకటే గోల. నిజంగా వేస్టేనా?

జవాబు: మీవాళ్లు చెప్పేది పూర్తిగా తప్పు కాదమ్మా, అలాగని పూర్తిగా రైటూ కాదు. మీరు ఏ రాష్ట్రంలో ఉంటారో రాయలేదు, అసలు కిటుకంతా అక్కడే ఉంది. అమెరికాలో అధ్యక్షుడిని ఎన్నుకునేది నేరుగా ప్రజల ఓట్లు కాదు, రాష్ట్రాల వారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లు (ప్రజల తరఫున ప్రతినిధులు వేసేవి), అందులో 270 వస్తే గెలుపు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లకే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ గంపగుత్తగా వెళ్లిపోతాయి. రెండో స్థానం వచ్చినా ఇరవయ్యో స్థానం వచ్చినా దక్కేది సున్నాయే.

1992లో రాస్ పెరో అనే వ్యాపారవేత్త ఏ పార్టీ లేకుండా అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. దేశం మొత్తం మీద 18.9 శాతం ఓట్లు, అంటే దాదాపు 2 కోట్ల మంది వేశారు. వచ్చిన ఎలక్టోరల్ ఓట్లు ఎన్నో తెలుసా? ఒక్కటి కూడా లేదు. అదే 1968లో జార్జ్ వాలెస్‌కి అంతకంటే తక్కువగా 13.5 శాతమే వచ్చాయి, అయినా 46 ఎలక్టోరల్ ఓట్లు పట్టుకుపోయాడు, ఎందుకంటే అతని ఓట్లన్నీ దక్షిణాది రాష్ట్రాల్లో ఒక్కచోట పోగుపడ్డాయి. (వాలెస్ నల్లజాతివాళ్లను వేరుగా ఉంచాలన్న వాదనతో గెలిచాడు, కాబట్టి మూడో పార్టీ అనగానే మంచి పార్టీ అనుకోవడానికి లేదు.)

ఇక మీవాళ్ల భయానికి మూలం 2000 నాటి ఫ్లోరిడా. అక్కడ రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి బుష్‌కి డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి గోర్ కంటే ఎక్కువ వచ్చినవి 537 ఓట్లు. గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డ రాల్ఫ్ నాడర్‌కి అదే రాష్ట్రంలో వచ్చినవి 97 వేలకు పైనే. నాడర్ లేకపోతే వాళ్లంతా గోర్‌కే వేసేవాళ్లని నేననను, కొందరు బుష్‌కి వేసేవాళ్లు, కొందరు అసలు ఓటుకే వెళ్లేవాళ్లు కాదేమో, కానీ 537 అంటే ఎంత, ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉండేంతమంది! ఆ దెబ్బ తర్వాత "ఓట్లు చీలుస్తున్నావు" అన్న మాట మూడో పార్టీ వాళ్లను ఎక్కడికెళ్లినా వదలడం లేదు.

కాబట్టి మీది ఎప్పుడూ ఒకే పార్టీ గెలిచే రాష్ట్రమైతే, ఉదాహరణకు కాలిఫోర్నియానో వ్యోమింగో అయితే, మీరు ఎవరికి వేసినా అధ్యక్షుడు మారడు, నచ్చినవాళ్లకి నిశ్చింతగా వేయండి, అందులో వేస్టేమీ లేదు. హోరాహోరీగా పోయే రాష్ట్రమైతే మాత్రం రెండు పార్టీల్లో ఏది గెలిస్తే మీకు ఎక్కువ నష్టమో ముందు ఆలోచించుకోండి. ఇద్దరిలో ఎవరు గెలిచినా ఒకటే అని మీకు నిజంగా అనిపిస్తే అది వేరే సంగతి. నాకైతే ఇద్దరూ అచ్చంగా ఒకటే అని ఏ ఎన్నికలోనూ అనిపించలేదు.

ప్రశ్న: నోటాకి వేస్తే పోలా?

జవాబు: పోదు. కోపం తీర్చుకోవడానికి బాగుంటుంది, అంతే. ఇండియాలో 2013 నుంచి ఉంది, అమెరికాలో నెవాడా రాష్ట్రంలో 1970ల నుంచీ ఉంది. రెండుచోట్లా నోటాకి ఎన్ని ఓట్లు పడ్డా మిగిలిన అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాళ్లే గెలుస్తారు.

ప్రశ్న: గాలప్ సంస్థ 2023లో చేసిన సర్వేలో 63 శాతం అమెరికన్లు మూడో పెద్ద పార్టీ కావాలన్నారట. అంతమంది కావాలంటుంటే అది ఎందుకు పుట్టదు? మీడియా, డబ్బు కలిసి తొక్కేస్తున్నాయని నా అనుమానం.

జవాబు: డబ్బు, మీడియా ఉన్నాయి, కాదనను. కానీ ముందు ఆ 63 శాతాన్ని విప్పి చూడాలి. వాళ్లంతా కోరుకునేది ఒకే మూడో పార్టీ కాదు కదా. కొందరికి ఉన్న రెండింటికీ మధ్యలో ఉండేది కావాలి, కొందరికి ఎడమవైపు ఇంకా ముందుకెళ్లేది కావాలి, కొందరికి కుడివైపు. ఎన్నిక రోజున వీళ్లంతా ఒక్క పేరు దగ్గర కలవరు.

రెండో కారణం లెక్కింపు పద్ధతి. ఒక నియోజకవర్గానికి ఒక్కరే గెలవాలి, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలిచినట్టు అన్న రూల్ ఉన్నచోట జనం క్రమంగా ఇద్దరి దగ్గరకే చేరతారని ఫ్రెంచ్ రాజకీయ శాస్త్రవేత్త మారిస్ దువెర్జే 1951లోనే చెప్పాడు. నలభై, ముప్పై ఐదు, పాతిక శాతం చొప్పున ముగ్గురికి ఓట్లు పడ్డాయనుకోండి. పాతిక శాతం వాళ్లకి మొదటివాడంటే అస్సలు గిట్టదు, అయినా గెలిచింది వాడే. వచ్చేసారి వాళ్లు ఏం చేస్తారు? ముక్కు మూసుకుని రెండోవాడికి వేస్తారు. ఇందులో ఎవరి కుట్రా అక్కర్లేదు, ఓటరు తెలివితేటలే చాలు.

ఇక్కడ ఒక సందేహం రావాలి మీకు: అదే రూల్ ఉన్న ఇండియా పార్లమెంటులో ఇన్ని పార్టీలెలా ఉన్నాయి? ఎందుకంటే దువెర్జే లెక్క నడిచేది నియోజకవర్గంలో, దేశంలో కాదు. ఒక్కో రాష్ట్రంలో పోటీ చాలావరకు ఇద్దరి మధ్యే, కాకపోతే ఆ ఇద్దరూ రాష్ట్రానికో రకం. కెనడాలో 1993లో ఇది మహా విచిత్రంగా బయటపడింది. క్విబెక్ ఒక్క రాష్ట్రంలోనే పోటీ చేసిన బ్లాక్ క్విబెక్వాకి దేశం మొత్తం ఓట్లలో 13.5 శాతం, సీట్లు 54, ఏకంగా ప్రధాన ప్రతిపక్షం అయింది. అప్పటిదాకా అధికారంలో ఉన్న ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్‌లకి 16 శాతం, సీట్లు 2. రెండంటే రెండే.

అమెరికాలో అలా ప్రాంతానికో పార్టీ నిలబడటం కూడా కష్టం, ఎందుకంటే అధ్యక్ష పదవి ఒక్కటే, రాజకీయమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పైగా రెండు పార్టీలూ కలిసి కట్టుకున్న గోడలు కొన్ని ఉన్నాయి, మీ అనుమానం పనికొచ్చేది ఇక్కడ. బ్యాలెట్ మీద పేరు రావాలంటే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూల్, వేల సంతకాలు తేవాలి, తెచ్చినవాటిని కోర్టులో సవాలు చేస్తారు. 1992లో పెరోని టీవీ డిబేట్లకి పిలిచారు, 1996లో పిలవలేదు, 2000 నుంచి డిబేట్ల కమిషన్ సర్వేల్లో 15 శాతం ఉంటేనే రానిస్తామంది. డిబేట్లో కనపడకుండా 15 శాతం ఎలా వస్తుందంటే జవాబు లేదు.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది ఇంకోటుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఒకే అభ్యర్థిని రెండు పార్టీలు నిలబెట్టేవి, బ్యాలెట్ మీద అతని పేరు రెండు వరసల్లోనూ ఉండేది. చిన్న పార్టీ వరసలో ఓటేస్తే ఓట్లు చీలవు, రెండూ కలిపే లెక్కిస్తారు, కానీ "మా వల్ల నీకు ఇన్ని ఓట్లొచ్చాయి" అని చిన్న పార్టీ లెక్క చూపించి పని చేయించుకోవచ్చు. రైతుల పార్టీలు దీనితోనే బలపడ్డాయి. అది చూసి 1890ల నుంచి ఒక్కో రాష్ట్రం దాన్ని నిషేధించుకుంటూ పోయింది. 1997లో మిన్నెసోటా నిషేధం చెల్లుతుందని సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది. న్యూయార్క్ లాంటి కొద్ది చోట్ల మాత్రం ఇప్పటికీ మిగిలింది. ఓట్లు చీలకుండా మూడో పార్టీ బతికే దారి అప్పుడే ఉండేది, దాన్ని మూసేసి ఇప్పుడు "మీరు ఓట్లు చీలుస్తున్నారు" అంటున్నారు.

ప్రశ్న: ఎక్కడైనా, ఏ దేశంలోనైనా, మామూలు ఓటర్లు ఈ రెండు పార్టీల పట్టును నిజంగా వదిలించుకున్నారా? ఉంటే ఎలా?

జవాబు: న్యూజిలాండ్. ఇది కాస్త పెద్ద కథ, ఓపిగ్గా వినండి.

అక్కడ దశాబ్దాలపాటు నేషనల్, లేబర్ అని రెండే పార్టీలు. 1978లో లేబర్‌కి ఓట్లు ఎక్కువ వచ్చాయి, సీట్లు నేషనల్‌కి ఎక్కువ వచ్చాయి. 1981లో మళ్లీ అదే. ఆ ఎన్నికలోనే సోషల్ క్రెడిట్ అనే మూడో పార్టీకి 20 శాతం దాటి ఓట్లు వచ్చాయి, 92 సీట్లలో దక్కినవి 2. ఐదుగురిలో ఒకరు వేసిన ఓటు గాల్లో కలిసిపోయిందన్నమాట. తర్వాత లేబర్ అధికారంలోకి వచ్చి ఒక రాయల్ కమిషన్ వేసింది, ఆ కమిషన్ 1986లో ఈ పద్ధతే మార్చేయమని రిపోర్టు ఇచ్చింది. రిపోర్టు బీరువాలో పెట్టేస్తే కథ కంచికి వెళ్లేదే, కానీ 1987 ఎన్నికల టీవీ చర్చలో ప్రధాని డేవిడ్ లాంగీ దీనిమీద రెఫరెండం పెడతామని మాట జారాడు. సొంత పార్టీవాళ్లే బిత్తరపోయారు. గెలిచాక లేబర్ ఆ మాట తప్పింది. నేషనల్ దాన్ని పట్టుకుని "చూశారా మాట తప్పారు, మేమైతే పెడతాం" అంది. అలా ఇద్దరూ ఒకరినొకరు ఇరికించుకుని, ఇద్దరికీ ఇష్టం లేని రెఫరెండం నెత్తిన పెట్టుకున్నారు.

1992లో మొదటిది: మార్పు కావాలా అంటే దాదాపు 85 శాతం కావాలన్నారు. 1993లో రెండోది, ఈసారి తీర్పు కచ్చితంగా అమలు చేయాల్సిందే, 53.9 శాతం కొత్త పద్ధతికి వేశారు. ఆ పద్ధతిలో ఓటరుకి రెండు ఓట్లు, ఒకటి స్థానిక అభ్యర్థికి, ఒకటి పార్టీకి. పార్టీకి దేశం మొత్తం మీద ఎంత శాతం వస్తే పార్లమెంటులో సుమారుగా అంత వాటా, కనీసం 5 శాతం ఓట్లో ఒక నియోజకవర్గమో గెలవాలన్న షరతుతో. 1996 నుంచి ఇలాగే. 2011లో మళ్లీ అడిగితే 57 శాతానికి పైగా ఇదే ఉంచమన్నారు.

అయితే స్వర్గం దిగిరాలేదు. 1996 ఎన్నికయ్యాక ఒక చిన్న పార్టీ ఎటు మొగ్గాలో తేల్చుకోలేక దాదాపు రెండు నెలలు దేశాన్ని టెన్షన్‌లో పెట్టింది. నేషనల్, లేబర్ ఇప్పటికీ అక్కడ పెద్ద పార్టీలే. పోయింది వాటి గుత్తాధిపత్యం, అవి కాదు.

నేను పదే పదే చెప్పేది ఇదే, తిట్టినా సరే: ఓటర్లు పార్టీల మీద ఓటేసి ఈ పట్టును విడిపించుకోలేదు, లెక్కింపు పద్ధతి మీద ఓటేసి విడిపించుకున్నారు. పద్ధతి మారకుండా కూడా పాత పార్టీ కూలి కొత్తది రావొచ్చు, ఢిల్లీలో 2013లో ఆమ్ ఆద్మీ పార్టీ 70కి 28 సీట్లు తెచ్చుకుని 2015లో 67కి ఎగబాకినట్టు. కానీ అక్కడ జరిగిందేమిటి? కాంగ్రెస్ స్థానంలో ఆప్ వచ్చింది, పోటీ మళ్లీ ఇద్దరి మధ్యే. అమెరికాలోనూ ఒకసారి అలా జరిగింది. బానిసత్వం గొడవలో అప్పటి రెండు పెద్ద పార్టీల్లో ఒకటైన విగ్ పార్టీ ముక్కలైపోతే 1854లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ 1860కల్లా లింకన్‌ని అధ్యక్షుడిని చేసింది. పేర్లు మారాయి, రెండు అన్న అంకె మారలేదు.

పద్ధతి మీద ఓటింగ్ పెట్టినా అన్నిచోట్లా గెలవలేదు. బ్రిటన్‌లో 2011 రెఫరెండంలో దాదాపు 68 శాతం వద్దన్నారు. 1983లో అక్కడ మూడో కూటమికి 25.4 శాతం ఓట్లకి 23 సీట్లు, 27.6 శాతం వచ్చిన లేబర్‌కి 209 సీట్లు వచ్చిన దేశమే అది! కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2005లో 57 శాతానికి పైగా మార్పు కావాలన్నా, 60 ఉంటేనే చెల్లుతుందని ముందే రూల్ పెట్టుకున్నారు కాబట్టి వీగిపోయింది. పాత పద్ధతిలో గెలిచినవాళ్లు తామెక్కిన కొమ్మను తామే నరుక్కోరు కదా.

ప్రశ్న: ప్రాధాన్యత క్రమంలో ఓటేసే పద్ధతి వస్తే అన్నీ సర్దుకుంటాయని యూట్యూబ్‌లో చాలా వీడియోలు చూశాను. మీ అభిప్రాయం?

జవాబు: తెలియనివాళ్ల కోసం ముందు ఒక మాట: పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాం చూడండి, అదే ఇది. మొదటి ప్రాధాన్యతలో ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్నవాళ్లను తీసేసి, వాళ్ల ఓట్లలో రెండో అంకె ఎవరికుంటే వాళ్లకి కలుపుతారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డి మీద వి.వి. గిరి గెలుపు కూడా రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కిస్తేగానీ తేలలేదు.

దీని గొప్పతనం, ఓట్లు చీలతాయన్న భయం చాలావరకు పోవడం. మొదటి ప్రశ్న వేసిన పాఠకురాలు ఈ పద్ధతిలో అయితే నచ్చిన చిన్న పార్టీకి 1 వేసి, ఓడకూడదనుకునే పెద్ద పార్టీకి 2 వేసుకోవచ్చు, ఇంట్లో గొడవ ఉండదు. మెయిన్ రాష్ట్రంలో 2010లో 38 శాతం కూడా రాని అభ్యర్థి గవర్నర్ అయ్యాడు, జనానికి ఒళ్లు మండింది, 2016లో సంతకాలు సేకరించి రెఫరెండంలో ఈ పద్ధతి తెచ్చుకున్నారు. తమాషా ఏంటంటే, ఏ గవర్నర్ ఎన్నిక చూసి కోపం వచ్చిందో ఆ ఎన్నికకే ఇది వర్తించదు! ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గవర్నర్ అని ఆ రాష్ట్ర రాజ్యాంగంలో రాసి ఉంది. అక్కడ దీన్ని పార్టీల ప్రైమరీలకి (టికెట్ ఎవరికో తేల్చే ఎన్నికలకి), అమెరికా కాంగ్రెస్, అధ్యక్ష ఎన్నికలకి వాడుతున్నారు. అలాస్కా 2020లో తెచ్చుకుంది, 2024లో రద్దు చేయాలని ఓటింగ్ పెడితే వెయ్యి ఓట్ల తేడా కూడా లేకుండా బతికి బయటపడింది. అదే రోజున కొలరాడో, ఐడహో, ఒరెగాన్, నెవాడా వద్దన్నాయి, మిజోరీ అయితే దీన్ని నిషేధిస్తూ రాజ్యాంగాన్నే సవరించుకుంది.

కానీ ఇదొక్కటే రెండు పార్టీలను విడగొడుతుందంటే నేను నమ్మను. ఆస్ట్రేలియా దిగువ సభకి 1918 నుంచీ ఇదే పద్ధతి, అయినా వందేళ్లు అక్కడ నడిచింది ఒకవైపు లేబర్, ఒకవైపు లిబరల్ కూటమి. 2022లో మాత్రం 151 సీట్లలో 16 బయటివాళ్లు గెలిచారు, వాళ్లలో కొందరు మొదటి ప్రాధాన్యతలో వెనకబడి రెండో అంకెలతో గట్టెక్కారు. అంటే తలుపు తెరిచి ఉంచుతుంది, లోపలికి వచ్చేవాళ్లు జనం మద్దతుతో రావాలి. మాల్టా సంగతి ఇంకా విచిత్రం. ఒక నియోజకవర్గం నుంచి ఐదుగురు గెలిచే, ప్రాధాన్యత అంకెలు వేసే పద్ధతి దశాబ్దాలుగా ఉన్నా ప్రపంచంలో అంత గట్టి రెండు పార్టీల దేశం ఇంకోటి దొరకడం కష్టం. అక్కడి జనం ఆ రెండు శిబిరాలుగా స్థిరపడిపోయారు, రూల్ ఏం చేస్తుంది పాపం.

ప్రశ్న: సార్, మీరు సుతిమెత్తగా చెబుతున్నారు. ఈ పద్ధతులు, రెఫరెండాలు కాదు, ఒక మొనగాడు వచ్చి రెండు పార్టీలనీ ఊడ్చిపారేస్తే గాని బాగుపడదు.

జవాబు: వచ్చారు, ఊడ్చారు కూడా. ఎల్ సాల్వడార్‌లో 1989 నుంచి 2019 దాకా రెండే పార్టీలు అధ్యక్ష పదవిని పంచుకున్నాయి. అవినీతితో, ముఠాల హత్యలతో విసిగిపోయిన జనం 2019లో నయీబ్ బుకేలేని మొదటి రౌండ్‌లోనే గెలిపించారు. 2024కి వచ్చేసరికి 60 సీట్ల సభలో 54 అతని పార్టీవే. రాజ్యాంగం వరసగా రెండోసారి పోటీకి ఒప్పుకోకపోయినా పోటీ చేశాడు, 2025లో ఎన్నిసార్లైనా పోటీ చేసేలా రాజ్యాంగాన్నే మార్చేశారు. హత్యలు బాగా తగ్గిన మాట నిజం, జనం అతన్ని ఇష్టపడుతున్న మాటా నిజం. కానీ రెండు పార్టీలు పోయి మిగిలింది మూడు కాదు, ఒకటి. వెనిజులాలో అంతకుముందే నలభై ఏళ్ల రెండు పార్టీల రాజకీయం 1998లో హ్యూగో చావెజ్ గెలుపుతో ముగిసింది, ఆ తర్వాత అక్కడా అధికారం ఒక్కచోటే పోగుపడింది. ఊడ్చేవాడి చేతిలోంచి చీపురు తిరిగి తీసుకునే ఏర్పాటు ఉందా లేదా చూసుకుని పిలవండి.

ప్రశ్న: నేను కాలేజీలో పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. ఒక మామూలు ఓటరు చేయగలిగింది ఏదైనా ఉంటే చెప్పండి, సిద్ధాంతం వద్దు.

జవాబు: సరే. అమెరికా ఓటరైతే ముందు ప్రైమరీలో ఓటేయాలి. పార్టీ టికెట్ ఎవరికో తేల్చేది ఆ ఎన్నికే, అక్కడికి వచ్చేవాళ్లేమో చాలా తక్కువ, కాబట్టి ఒక్కో ఓటు బరువు ఎక్కువ. 2016లో పార్టీ పెద్దలకి ఇష్టం లేకపోయినా ట్రంప్ రిపబ్లికన్ పార్టీని చేతిలోకి తీసుకున్నది ప్రైమరీల ద్వారానే. స్వతంత్ర సెనేటర్ అయిన బెర్నీ శాండర్స్ కూడా మూడో పార్టీ పెట్టకుండా డెమొక్రాట్ల ప్రైమరీలోనే పోటీకి దిగాడు. ఇది పట్టు విడిపించడం కాదు, లోపలి నుంచి స్వాధీనం చేసుకోవడం, కానీ అక్కడ ఎక్కువగా పనిచేసిన దారి ఇదే.

రెండోది, అధ్యక్ష పదవి వదిలేసి కింద చూడటం. 1998లో మిన్నెసోటా గవర్నర్‌గా రిఫార్మ్ పార్టీ నుంచి మాజీ రెజ్లర్ జెస్సీ వెంచురా 37 శాతం ఓట్లతో గెలిచాడు. అక్కడ ఓటింగ్ రోజునే ఓటరుగా నమోదు కావచ్చు, డిబేట్లకి అతన్ని పిలిచారు, ప్రచారానికి ప్రభుత్వ నిధులు అందాయి. ఈ మూడూ ఉన్నచోట మూడోవాడు బతుకుతాడు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, సంతకాలు. అమెరికాలో సుమారు సగం రాష్ట్రాల్లో జనం సంతకాలు సేకరించి నేరుగా చట్టాన్ని ఓటింగ్‌కి పెట్టొచ్చు, మెయిన్‌కీ అలాస్కాకీ కొత్త పద్ధతి వచ్చింది ఆ దారిలోనే, చట్టసభల దయతో కాదు. ఆ వీలు లేని రాష్ట్రంలోనో దేశంలోనో ఉంటే న్యూజిలాండ్ వాళ్లలా పార్టీల నోటి నుంచి మాట రప్పించి, తప్పితే పరువు పోయేలా చేయడమొక్కటే మార్గం.

ప్రశ్న: ఇదంతా జరగడానికి ఎన్నేళ్లు పడుతుందండీ?

జవాబు: న్యూజిలాండ్‌లో 1978 నాటి కోపం 1996లో పండింది, పద్దెనిమిదేళ్లు. మెయిన్‌లో 2010 నుంచి 2018లో మొదటిసారి వాడేదాకా ఎనిమిదేళ్లు. విగ్‌లు పోయి రిపబ్లికన్లు రావడానికి ఆరేళ్లే పట్టింది, కానీ ఆ వెంటనే అంతర్యుద్ధం వచ్చింది, ఆ లెక్క మనకొద్దు.